నాలుగు చుక్కల నీలం

సొంత ఇల్లు కొనేనాటికి మా ఆయనా నేనూ తిరుపతిలో ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళలో ఉన్నాం. అన్నేళ్ళూ గోడల రంగు మా చేతిలో లేదు. ఒక ఇంట్లో గులాబీ, ఇంకో ఇంట్లో ఆకుపచ్చ. ఆ ఆకుపచ్చ సున్నం ఆనుకుంటే చాలు భుజానికి అంటుకునేది. నేను పాఠం చెప్పే బడిలో పిల్లలు చూసి చెబితే దులుపుకునేదాన్ని. అందుకే అలిపిరి రోడ్డుకు దగ్గర్లో ఈ చిన్న ఇల్లు కొన్నప్పుడు టైల్సు, తలుపులు, వంటగట్టు అన్నీ మా ఆయనకు వదిలేశాను. వెనకవైపు చిన్న గది మాత్రం నాది, దాని రంగు నేనే చెప్తాను అన్నాను. ఆయన హాలంతా క్రీం రంగు వేయించుకున్నారు. చూస్తే ఏమీ అనిపించని రంగు. ఆయనకు అదే హాయి.

నాకు కావలసింది నీలిమందు పెట్టి ఉతికిన తెల్లపంచె రంగు. అదే ఎందుకో చెప్పాలి. మా నాయన నగరిలో మగ్గాలవాళ్ళకు నూలుకు రంగులు వేసేవాడు. మా ఇంట్లో రంగు అంటని వస్తువు ఉండేది కాదు. నాయన అన్నం కలిపే చెయ్యి ఒకరోజు ఎరుపు, ఒకరోజు ఊదా. ఆదివారం అమ్మ తెల్లబట్టలు ఉతికి, చివరి బకెట్ నీళ్ళలో నాలుగు చుక్కల నీలిమందు వేసి, పంచెలు ముంచి ఆరేసేది. అమ్మడానికి కాకుండా మాకోసం మేము వేసుకున్న రంగు అదొక్కటే. ఆరుతున్న ఆ పంచెల మధ్య కూర్చుంటే నాకు మనసు కుదుటపడేది. బడిలో రోజంతా అరిచి వచ్చాక, అలాంటి గదిలో తలుపేసుకుని ఓ అరగంట కూర్చోవాలని నా కోరిక. పెద్ద కోరికేం కాదు. కానీ ఇరవై ఏళ్ళుగా దాచుకున్నది.

అమ్మ పోయినప్పటినుంచి నాయన మాతోనే ఉంటున్నాడు. గది సంగతి చెప్పగానే చొక్కా తొడుక్కున్నాడు.

“నమూనాకి ఒక పంచె తీసకపోదామా నాయనా?” అన్నాను.

“నమూనా ఎందుకమ్మణ్ణీ? నలబై ఏండ్లు సూసిన రంగు. ఈడే ఉండాది,” అని తన కళ్ళు చూపించాడు.

పెయింట్ల అంగడిలో రంగుల కార్డు ఇస్తే నాయన ముట్టుకోలేదు. తెల్లరంగులో నీలం కలిపించి, అట్టముక్క మీద పూయించి, బయటికి తెచ్చి స్కూటర్ సీటు మీద ఎండకు పెట్టాడు. నూలుకు రంగువేసేవాళ్ళ పద్ధతి అది. తడి మీద తీర్పు చెప్పరు, దీపం కింద అసలే చెప్పరు. ఆరేదాకా మాట్లాడకుండా నిలబడతారు. ఆరాక చూసి, “పసుపు కొడతా ఉండాది. ఇంకా నీలం పడాల,” అన్నాడు. మళ్ళీ కలిపారు, మళ్ళీ ఎండబెట్టాడు. మళ్ళీ చాలలేదు.

“ఇంకా ఏస్తే ముదురై పోతాది పెద్దాయనా,” అన్నాడు అంగడతను.

“నేను సెప్పినట్ల ఎయ్యబ్బా.”

నాకు మొదటి అట్టముక్కే అచ్చం అమ్మ ఆరేసిన పంచెలా కనిపించింది. అయినా నోరు తెరవలేదు. మా ఇంట్లో ఉప్పు మాట అమ్మది, రంగు మాట నాయనది. నూలు తీసుకుపోవడానికి వచ్చిన షావుకార్లు కూడా ఆయన చెప్పాక తల ఊపి వెళ్ళేవాళ్ళు. తప్పు నా కంటిదే అయ్యుంటుంది అనుకున్నాను. పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ మూటను అప్పుడప్పుడు విప్పి చూసుకోవాలని ఎవరూ చెప్పరు.

రెండు రోజుల్లో నా గది నెమలి మెడ రంగుకు తిరిగింది. మా ఆయన గుమ్మంలో నిలబడి, “తుండుగుడ్డ ఇయ్యి, ఓ మునక ఏసి వస్తా,” అన్నారు. నవ్వాను. తర్వాత తలుపేసుకుని కూర్చుంటే ఏడుపొచ్చింది. నాయన మీద కోపం లేదంటే అబద్ధం. ఉంది. నా మీద ఇంకా ఎక్కువ ఉంది. నాయన మాత్రం రోజూ గుమ్మం దగ్గరికి వచ్చి, “సల్లగుండాది గదా?” అనేవాడు. “సల్లగుండాది నాయనా,” అనేదాన్ని.

నెల తర్వాత అసలు సంగతి దండెం మీద బయటపడింది. నాయన తన పంచెలు తనే ఉతుక్కుంటాడు. ఎంత ఉతికినా పసుపెక్కి పోతా ఉండాయని సణుగుతూ నీలిమందు సీసా వంచుతూనే ఉన్నాడట. దండెం మీద పంచెలన్నీ నా గది గోడల రంగులో వేలాడుతున్నాయి. చూసి నవ్వబోయి ఆగిపోయాను.

మర్నాడే కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, పొర పసుపురంగుకు తిరిగిందని, అలాంటి కంటికి తెల్లది పసుపుగా కనిపిస్తుంది, నీలం సరిగ్గా ఆనదని డాక్టరమ్మ చెప్పింది. నాయన పక్క కుర్చీలోనే, కంట్లో చుక్కలమందు వేయించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నా కోపం అక్కడే పోయింది. దాని చోట భయం వచ్చింది. రంగు చూసి బతికిన మనిషితో, నీ కన్ను తప్పిందని ఎవరు చెప్తారు? గది రంగు సంగతి నేను మాత్రం ఎత్తకూడదనుకున్నాను.

ఒకదాని తర్వాత ఒకటి రెండు కళ్ళకూ ఆపరేషన్లు అయ్యాయి. నల్లద్దాలు తీసేయవచ్చన్న రోజు నాయన ఇల్లంతా తిరిగి చూశాడు. హాలును చూసి “గంజి” అన్నాడు. నా గది గుమ్మంలో ఆగిపోయాడు.

“ఎవురు ఎంచినారమ్మణ్ణీ ఈ రంగు?”

మా ఆయన పేపర్లో తల దూర్చారు.

“నేనే నాయనా,” అన్నాను.

“రంగులోళ్ళ ఇంట్లో పుట్టి, ఇదా నువ్వు ఎంచేది!” అన్నాడు. గొంతులో పాత దర్జా వినిపించింది. ఇన్నేళ్ళలో నాకు తీయగా ఉన్న తిట్టు అదొక్కటే. గండం గడిచిందనుకున్నాను.

ఆ ఆదివారం నాయన తనే తెల్ల పెయింటు డబ్బా, చిన్న నీలం సీసా తెప్పించాడు. “నూలు మీద ముదురు పడితే మళ్ళా పోదు. గోడ నయం, పైన పూసుకోవచ్చు,” అన్నాడు. చుక్కలు లెక్కపెట్టి వేసి, కర్రతో కలిపి, అట్టముక్క మీద పూసి, మిద్దెమీద ఎండకు పెట్టాడు. ఇద్దరం ఆరేదాకా మాట్లాడకుండా నిలబడ్డాం. ఆరాక దాన్ని తీసి, తను చూడకుండానే నా చేతికిచ్చాడు.

“నువ్వు సూసి సెప్పు. గది నీది.”

రంగు ఎలా ఉందని ఆయన ఇంకొకరిని అడగడం నా జన్మలో చూడలేదు. అట్టముక్క బాగానే ఉంది. బాగుందనేస్తే పోతుంది. ఆ మాట నాలుకదాకా వచ్చింది కూడా.

“ఒక రవ్వ ఎక్కువైంది నాయనా,” అన్నాను.

నాయన తల ఊపాడు, అప్పట్లో షావుకార్లు ఊపినట్టే. డబ్బాలో ఇంకొంచెం తెల్లరంగు పోసి, కర్ర తిప్పుతూ, తలెత్తకుండా అన్నాడు:

“అంగట్లో ఆ పొద్దు గూడా ఈ మాట సెప్పింటే సరిపోయేది గదమ్మా.”