కడుపు మీద గుర్తు

పోయిన సోమవారం కర్నూలు ఆసుపత్రిలో మా తమ్ముని కోడల్ని ఆపరేషనుకు తయారు చేస్తూ, నర్సమ్మ ఆ పిల్లను కూచోబెట్టి, వంగమని, లేవమని, ఏం పని చేస్తావని అడుగుతూ పొట్ట మీద పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టింది. పెద్దపేగు తీసేశాక మలానికి సంచి అతికించేది అక్కడేనట. అందరూ సంచి మాటకే ఏడుస్తుంటే నేను ఆ గుర్తునే చూస్తూ ఉండిపోయాను.

చాలా ఏళ్ల కిందట మా మరిదిదీ ఇదే జబ్బు. పేగు పుండ్లుపడి రక్తవిరేచనాలయ్యేవి. మాత్రలు మింగుతూనే గుంటమగ్గంలో కూచునేవాడు. తిథులూ వారాలూ మరిచే అలవాటు నాకు లేదు: శ్రావణ బహుళ తదియ, బుధవారం, విరేచనాలు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

"వదినా, ఈ పొద్దు ఒక్కసారి గూడా పోలేదు. తగ్గినట్టుండాది" అన్నాడు.

మా అత్త సంబరపడి సంగటి కెలికింది. మగ్గం మీది చీర సగంలో వదిలి ఊరు దాటితే కీడని మా ఇళ్లలో పట్టింపు. అది ముగించేదాకా మరిది గుంటలోంచి లేవలేదు. నేసిన బట్ట చుట్టుకునే కర్ర, అదే దోనె, పొట్టకు అడ్డమొస్తోందని నవ్వాడే గాని, పేగు కదలిక చచ్చి గాలికి ఉబ్బుతోందని మాలో ఎవరికి తెలుసు? నొప్పిని ఆ మాత్రలే కప్పిపెట్టాయట. చీర దించిన మర్నాడు కాలిపోయే జ్వరంతో, బిర్రబిగిసిన పొట్టతో కర్నూలు చేర్చాం.

పేగు పగలబోతోంది, ఇప్పుడే తీసేసి సంచి పెట్టాలన్నారు డాక్టరుగారు. తెగిన పోగును ముడేసినట్టు కోసినచోట అతికించమని అత్త బతిమాలితే, వాచి మెత్తబడినదానికి కుట్టు నిలవదన్నారు.

"దోనె తగిలేచోట సంచి పెడితే వాడు యెట్ల నేస్తాడు సారూ?" అంది అత్త.

"ముందు మనిషి ఉండల్ల గదమ్మా."

మరిది నా చెయ్యి పట్టుకుని, "రోంత పైకి పెట్టమను వదినా" అన్నాడు. చెప్పాను. ఇంత ఉబ్బిన పొట్ట మీద కింద, పైన తెలియదమ్మా, దొరికినచోట పెట్టాల్సిందే అని ఆయన లోపలికి వెళ్లిపోయారు.

మనిషి దక్కాడు. సంచి సరిగ్గా దోనె ఆనేచోటే వచ్చింది. కూచున్నప్పుడల్లా నలిగి, ఊడి, బట్ట పాడయ్యేది. కొన్నాళ్లు ఓర్చి, ఒకనాడు తానే మట్టి మోసి మగ్గం గుంట పూడ్చి, మంగంపేట గనుల దగ్గర కాపలా పనికి పోయాడు. బతికినన్నాళ్లు, ఎవరు కొత్త చీర కట్టుకున్నా ముఖం తిప్పుకునేవాడు.

జబ్బు ఇప్పటికీ ఆ జబ్బే, కోత ఆ కోతే. కాకపోతే మా తమ్ముని కోడలు, దినమంతా వంగి కుట్టుమిషను తొక్కుతానని మెల్లగా చెప్పింది. నర్సమ్మ ఆ గుర్తును దూదితో తుడిచి, రెండు వేళ్లంత పైకి జరిపింది.