జవాబుల కింద మిగిలిన మాటలు

సహోదరీ సహోదరులారా, పోయిన ఎండాకాలంలో ఈ మందిరంలోనే, వెనక ఫ్యాను కింద చాప మీద, అందరూ చేతులెత్తి పాడుతుంటే నోరు తెరవకుండా కూర్చున్న ఒక మనిషిని మీలో కొందరు చూసే ఉంటారు, ఆ మనిషిని నేనే! నిలబడమంటే నిలబడేదాన్ని, కూర్చోమంటే కూర్చునేదాన్ని, పాస్టరుగారు కళ్ళు మూసుకోమంటే మాత్రం మూసుకునేదాన్ని కాదు, మూసుకుంటే ఏడుపొస్తుందని భయం. ప్రార్థన నా వల్ల అయ్యేది కాదు. పడుకుంటే మళ్ళీ లేవకపోతే బాగుండునని అనుకున్న రోజులు కూడా ఉన్నాయి. పాస్టరమ్మగారు నన్ను పక్కకు పిలిచి ఏమైందమ్మా అని అడిగితే, కంప్యూటర్లో మెయిళ్ళు పోయాయమ్మా అని చెప్పాను. ఆమె పాపం ఇంకా ఏదైనా చెప్తానేమోనని కాసేపు ఎదురుచూసింది.

మెయిళ్ళు పోతే మనిషి ఇలా అయిపోతుందా అని మీకూ అనిపిస్తుంది, అందుకే మొదటినుంచీ చెప్తాను.

నా పేరు సునీత. జమ్మలమడుగులో మా కాలేజీ ఆఫీసులో పని చేస్తాను. మాది పెద్ద సంస్థ, ప్రొద్దుటూరులో హెడ్డాఫీసు, పులివెందులలో ఇంకొక కాలేజీ, అన్నిచోట్లా కలిపితే వందలమంది సిబ్బంది. నా భర్త ప్రసన్నకుమార్ కువైట్‌లో, ఊరికి దూరంగా ఇసుకలో ఉండే ఒక క్యాంపులో స్టోర్‌కీపర్‌గా చేసేవాడు. మా పాప గ్రేసీ నడక నేర్వకముందే వెళ్ళాడు. ఆ క్యాంపు నుంచి ఫోన్ చేస్తే మాట పూర్తికాకముందే తెగిపోయేది, కానీ స్టోరులో ఒక కంప్యూటర్ ఉండేది, దాంట్లోంచి నా కాలేజీ మెయిల్‌కు రాసేవాడు. ఇంగ్లీషు అక్షరాల్లో మన కడప తెలుగు! తిన్నది, పడుకున్నది, పక్క మంచం మీది పెండ్లిమర్రి అతను గురక పెట్టేది, అన్నీ రాసేవాడు. గ్రేసీ పుట్టినరోజుకు మాత్రం రాసి ఊరుకోకుండా, తన గొంతుతో ప్రార్థన చేసి, దాన్ని రికార్డు చేసి పంపేవాడు.

ఆరోజు పొద్దున్నే పాపను స్కూలుకు పంపేముందు ఆఫీసుకు తీసుకుపోయి, హెడ్‌ఫోన్లు దాని తలకు పెట్టి వినిపించేదాన్ని. తలకన్నా హెడ్‌ఫోన్లే పెద్దవి, రెండు చేతులతో పట్టుకుని కళ్ళు మూసుకునేది. చివర్లో ఆమేన్ అన్నాక ఆయన దగ్గేవాడు, అక్కడి దుమ్ముకు ఎప్పుడూ ఆ దగ్గు ఉండేది, ఆ దగ్గు వినగానే గ్రేసీ పకపకా నవ్వేది. మధ్యలో ఆయన ఒక్కసారి సెలవుకు వస్తే దగ్గరికి కూడా పోలేదు, కొత్త మనిషని నా చీర వెనక దాక్కుంది. దానికి నాయనంటే ఆ గొంతే.

తర్వాత ఒక తెల్లవారుజామున ఆయన నిద్రలోనే గుండె ఆగి చనిపోయాడు. పెట్టెలో వచ్చాడు సహోదరులారా, ముఖం చూడవద్దని పెద్దవాళ్ళు అడ్డుపడ్డారు. అక్కడి కంపెనీవాళ్ళు ఆయన మెయిల్ మూసేశారు. నాకు మిగిలింది నా కాలేజీ మెయిల్‌లో ఉన్న ఆయన మాటలు, ఆ ప్రార్థనలు. ఆ తర్వాత ప్రతి పుట్టినరోజుకూ పాపకు ఆఖరిసారి పంపిన ప్రార్థననే వినిపించేదాన్ని. ఫోనులోకి దించుకోవచ్చు కదా అంటారు, నా ఫోను పగలడం, పోవడం అన్నీ అయ్యాయి, కాలేజీ మెయిల్ అయితే కాలేజీ ఉన్నంతకాలం ఉంటుందని నమ్మాను.

ఇక్కడ మా ఆఫీసు పద్ధతి చెప్పాలి. పేరుకు అది నా మెయిలే, కానీ ప్రొద్దుటూరు నుంచి వచ్చే సర్క్యులర్లన్నీ దానికే వస్తాయి కాబట్టి పొద్దున ఎవరు ముందొస్తే వాళ్ళు తెరిచి చూసేవారు. సూపరింటెండెంటుగారు చూస్తారు, అకౌంటెంటు చూస్తాడు, లెక్చరర్లు వచ్చి సెలవుల సంగతి ఏమైనా వచ్చిందా అని చూస్తారు. మొదట్లో ఆయన మెయిల్ వస్తే నాకన్నా ముందు వాళ్ళే చదివి, ఏంది సునీతమ్మా, మీ ఆయన శానా బెంగ పెట్టుకున్నట్టుండాడే అని ఆటపట్టించేవారు. సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. అందుకని ఆయన మెయిల్ రాగానే చదివి, జవాబు రాసి, దాన్ని తీసేసినవాటి డబ్బాలో వేసేదాన్ని. చెత్తలో ఏముందోనని ఎవరూ తొంగిచూడరు కదా! ఆ పాత సిస్టంలో ఆ డబ్బా దానంతటది ఖాళీ అయ్యేది కాదు, ఎన్నాళ్ళైనా అలాగే ఉండేది. నా భర్తను నేను అక్కడ దాచుకున్నాను.

పోయిన వేసవిలో నన్ను పరీక్ష పేపర్ల పని మీద పులివెందుల కాలేజీకి వేశారు. నేనక్కడ ఉండగా హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది, అందరి మెయిళ్ళూ కొత్త సిస్టంలోకి మారుస్తున్నామని, డబ్బాలో ఉన్నవి మాత్రం తీసుకురామని, కావలసినవి ముందే బయటపెట్టుకోమని. జమ్మలమడుగులో ఎవరో దాన్ని తెరిచి చదివారు. చదివేసినట్టు దానికి గుర్తు పడి, కొత్తవాటి వరుసలోంచి కిందికి పోయింది. నేను పులివెందులలో మెయిల్ తెరిచినప్పుడు కొత్తవాటి కోసమే చూశాను, అది నా కంటపడలేదు. ఎవరినని తిట్టుకోను? అందరం కలిసి ఒక్క మెయిల్‌ను అలా వాడుకోవడం మాకు ఏళ్ళ అలవాటు.

తిరిగి వచ్చేసరికి అంతా కొత్తది. ప్రొద్దుటూరు హెడ్డాఫీసులో కంప్యూటర్లు చూసే ఖాజా అనే అబ్బాయి వచ్చి అందరికీ ఎలా వాడాలో నేర్పిస్తున్నాడు. నా వంతు రాగానే డబ్బా తెరిచాను. ఖాళీ. ఇందులో ఉన్నవి యాడికి పోయినాయప్పా అని అడిగాను.

"చెత్త ఎవరైనా మోసుకొస్తారా మేడం. దాన్ని వదిలేసినాం, పాత మిషన్లు కూడా తుడిచేసినాం," అన్నాడు.

అతను నవ్వుతూనే అన్నాడు, అందులో చెడు ఏమీ లేదు, కానీ చెత్త అనే మాట నాకు ఛాతీలో దిగింది. నా భర్త చెత్తలో పోయాడు! ఆరోజు నుంచి అన్నం సయించలేదు, పాప ఏదైనా అడిగితే కసురుకునేదాన్ని, ఖాజా పేరు తలుచుకుంటే పళ్ళు నూరేదాన్ని. వాని ఇంట్లో కూడా ఇట్లా ఏదో ఒకటి పోవాలని కోరుకున్నాను, దేవుని బిడ్డనయ్యుండి అంత మాట మనసులో పెట్టుకుని తిరిగాను. సంగతి తెలిసి అతను మళ్ళీ జమ్మలమడుగు వచ్చాడు. పాత మిషన్లు తీసుకుపోయినవాళ్ళను అడిగాడట, సిస్టం అమ్మినవాళ్ళను అడిగాడట, ఎక్కడా దొరకలేదు. మా నాయన కూడా కువైట్‌లోనే ఉండాడు మేడం అని చెప్పి తల దించుకున్నాడు. నేను అతనికి మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

గ్రేసీ పుట్టినరోజు దగ్గరపడుతోంది. అది కొత్త గౌను అడగలేదు, కేకు అడగలేదు, అమ్మా ఈసారి నాయన ప్రార్థనకు ఎన్నింటికి పోదాం అని అడిగింది. సహోదరీలారా, మీలో తల్లులుంటే చెప్పండి, ఆ బిడ్డకు నేనేం చెప్పాలి! మరుసటి ఆదివారం ఆరాధన అయ్యాక లేచే శక్తి లేక చాప మీదే ఉండిపోయాను. పాస్టరమ్మగారు వచ్చి పక్కన కూర్చుని, ప్రార్థన చేసుకో అంటే, నాకు రావడం లేదమ్మా అన్నాను. అప్పుడామె నా తలను తన ఒడిలోకి లాక్కుని తనే చేసింది.

"తండ్రీ, ఈ బిడ్డకు నోరు రావటంలేదు, ఈమె తరపున నేను అడుగుతాండా. పోయింది తెచ్చియ్యి. తెచ్చియ్యకుంటే అది లేకుండా బతికే బలమియ్యి."

నిజం చెప్తున్నాను, ఆ రెండో మాటకు నాకు ఆమె మీద కోపమొచ్చింది. బలం ఎవరికి కావాలి, నాకు ఆయన గొంతు కావాలి అనుకుంటూ ఆమేన్ కూడా అనకుండా లేచి వచ్చేశాను.

ఆ వారంలోనే ప్రిన్సిపాల్‌గారు పిలిచి, ఎప్పుడో పులివెందుల కాలేజీకి మనం పంపిన ఒక జవాబు కావాలి, వెతికిపెట్టమ్మా అన్నారు. పంపినవాటి వరుస తెరిచాను. అవి మాత్రం కొత్త సిస్టంలోకి వచ్చాయి. ఆ జవాబు దొరికింది. దాన్ని కిందికి జరుపుతూ పోతే, నా మాటలు అయిపోయాక, మొదట పులివెందులవాళ్ళు మాకు రాసినదంతా అక్కడే ఉంది! జవాబు రాస్తే అవతలివాళ్ళు రాసినది కూడా దానికింద అంటుకుని పోతుంది, రోజూ చూసే సంగతే, ఎప్పుడూ ఆలోచించలేదు. ఖాజాకూ తట్టలేదు, మేమిద్దరం వెతికింది గొంతు కోసం.

ప్రిన్సిపాల్‌గారి కాగితం అలాగే వదిలేసి ఆయన పేరు కొట్టాను. వచ్చాయి సహోదరులారా, వరుసగా వచ్చాయి! పైన నా మాటలు, కింద ఆయన మాటలు. పెండ్లిమర్రి అతని గురక ఉంది. ఇసుక గాలి ఉంది. దేవునికే మహిమ! ఆఫీసులో అందరూ చూస్తుండగానే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

కానీ అన్నీ రాలేదు. నేను జవాబు రాసినవే మిగిలాయి. పాపకు జ్వరమనో, ఆఫీసులో పనుందనో, ఫోనులో మాట్లాడాం కదా అనో జవాబు రాయనివన్నీ పోయాయి, వాటిలో ఏం రాశాడో నాకిప్పుడు గుర్తు లేదు. ఆయన ఆఖరి మెయిల్ కూడా అందులోనే పోయింది, దానికి జవాబు రాసేలోపే కబురొచ్చింది. గొంతు కూడా రాలేదు, జవాబు కింద మాటలు వస్తాయి గాని రికార్డింగు రాదు. ఆఖరిసారి పంపిన పుట్టినరోజు ప్రార్థనకు నేను రాసిన జవాబు మాత్రం దొరికింది. పైన నేను రాసింది ఒక్క ముక్క: పాప వినింది, నవ్వింది, నాకు ప్రార్థనలు రావు, వచ్చినాక మీరే చేద్దురు. దాని కింద ఆయన.

"సునీతా, ప్రార్థన పంపిస్తాండా, పాపకు వినిపించు. కానీ ఇది వినిపించి ఊరుకోవాకు. ఈడినుంచి నా చెయ్యి దాని తలమీదికి అందదు. నువ్వు దగ్గరుండావు. తలమీద చెయ్యిపెట్టి నువ్వే ప్రార్థన చేయాల. శానా చదువుకున్నోళ్ళ మాదిరి చేయాల్సిన పనిలేదు."

ఇది నేను అప్పుడు చదివాను, చదివే జవాబు రాశాను, అయినా ఆయన అడిగింది నాకు ఎక్కలేదు. ఏటేటా పాపకు హెడ్‌ఫోన్లు పెట్టి పక్కన నిలబడ్డానేగాని దాని తలమీద చెయ్యి పెట్టలేదు. పాస్టరమ్మగారు అడిగిన ఆ రెండో మాటకు, అది లేకుండా బతికే బలానికి, జవాబు నా భర్త మాటల్లోనే ఉందని నాకప్పుడు తెలిసింది.

మర్నాడే ఖాజాకు ఫోన్ చేసి, దొరికినాయప్పా అని చెప్పాను.  అల్లా మేలు చేసినాడు మేడం అన్నాడు. దేవుడు మేలు చేశాడప్పా, నీకూ చేస్తాడు, మీ నాయనకు ఫోన్ చేస్తా ఉండు అన్నాను. ఆరోజు నా లోపలున్న ఆ పగ నన్ను వదిలిపోయింది.

పుట్టినరోజు పొద్దున పాపను ఆఫీసుకు తీసుకుపోలేదు. నాయన గొంతు పోయిందమ్మీ అని చెప్పాను. అది ఏడవలేదు, నా ముఖంలోకే చూస్తూ నిలబడింది, అదే నాకు ఇంకా కష్టంగా ఉండింది. దాన్ని నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చోబెట్టి తలమీద చెయ్యి పెట్టాను. నెలల తర్వాత నోరు తెరిచాను.

"ప్రభువా, దీని నాయన చెయ్యి అందలేదు, నాది అందుతాంది. ఈ చెయ్యి మీద నీ చెయ్యి పెట్టు. నా బిడ్డను చూసుకో. నన్ను కూడా చూసుకో తండ్రీ."

అంతకన్నా రాలేదు. ఆమేన్ అన్నాను. గ్రేసీ కళ్ళు తెరవలేదు, ఇంకా దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు అలాగే ఉండి, "నాయన చివర్లో దగ్గుతాడు కదమ్మా, నువ్వు దగ్గలేదే," అంది.

నేను దగ్గాను. అది నవ్వింది.

సహోదరీ సహోదరులారా, నా దుఃఖం తీరిపోయిందని మీకు అబద్ధం చెప్పను. ఆయన గొంతు ఎలా ఉండేదో నాకే మెల్లగా మరుపుకొస్తోంది, దానికి భయపడుతూనే ఉన్నాను. అయినా నోరులేని నా తరపున ఒక అమ్మతో అడిగించి, పోయిందనుకున్న మాటను నా ముందు పెట్టి, నన్ను లేపి మీ మధ్య నిలబెట్టిన దేవునికి స్తోత్రం చెల్లిస్తున్నాను. ఇప్పుడు ఆ వెనక ఫ్యాను కింద నాలాగే నోరు పెగలక కూర్చున్నవారు ఉండొచ్చు. మీరు గొప్ప ప్రార్థనలేం చేయనక్కరలేదు. ఇంటికి పోయి, ముందు మీ చెయ్యి అందే తల ఏదుందో దానిమీద చెయ్యిపెట్టి వచ్చినంత చేయండి, మిగిలింది దేవుడు చూసుకుంటాడని నమ్మండి. దేవునికే మహిమ కలుగును గాక, ఆమేన్.