లేచి తిరుగు

నగరిలో రామచంద్ర షెడ్డుకు పోతే, తలుపు పక్కనుండే రెండు మగ్గాలు కోమలివి. ఆమెవి అంటే ఆమె కొన్నవి కావు, ఆమె నడిపేవి. పవర్‌లూమ్ షెడ్డులో ఎవరు నడిపే మగ్గం వాళ్ళదే. దాని చప్పుడులో తేడా వస్తే యాడ చెడిందో వాళ్ళకే తెలుస్తుంది. అట్లాంటి మగ్గం ఒకసారి ఇంకొకరి చేతికి పోయిందంటే మళ్ళీ తిరిగి రావడం కల్ల. ఏడో నెల కడుపుతో ఉన్న కోమలికి కాన్పు భయం కంటే ఆ భయమే ఎక్కువగా ఉండేది.

పని ఆమెకు బరువు కాదు. చిన్నప్పటినుంచి చేసిన పనే. బరువంతా నిద్రతో వచ్చింది.

కోమలికి తల్లి లేదు. తొలి కాన్పుకు పుట్టింటికి పోయే దారి లేక, అత్త తాయమ్మే వడమాలపేట నుంచి నెయ్యి డబ్బా, గుడ్డల సంచి పట్టుకొని బస్సు దిగింది. మంచి మనిషి. వచ్చిన రోజునుంచి కోమలిని బిందె ముట్టనీలేదు, చీపురు పట్టనీలేదు. పనులన్నీ తనే చేస్తున్నందుకు బదులుగా ఒక్క నియమం మాత్రం పెట్టింది.

"కడుపుతో ఉండేది పండుకొని పొర్లకూడదు పాపా. ఈ పక్కనుంచి ఆ పక్కకు తిరగాలంటే లేచి కూర్చోవాల. కూర్చొని, తిరిగి, పండుకోవాల. లేకుంటే పేగు బిడ్డ మెడకు చుట్టుకుంటాది."

చెప్పి ఊరుకుంటే సరిపోయేది. తాయమ్మ తన చాపను కోడలి పక్కనే పరిచింది. ఆ మనిషికి కళ్ళు మూతపడతాయి గానీ చెవులు మూతపడవు. కోమలి గాజు కాస్త కదిలితే చాలు, చీకట్లోంచి మాట వచ్చేది.

"లేచి తిరుగు."

ఏడో నెలలో ఒకే పక్కన ఎంతసేపని పడుకుంటారు? నడుము పట్టేస్తుంది. గుండెలో మంట. లోపలిది తన్నడం మొదలుపెడుతుంది. చేయి ఊని లేచి కూర్చొని, తిరిగి, మళ్ళీ ఒరిగేసరికి వచ్చిన కాస్త నిద్ర ఎగిరిపోతుంది. అది మళ్ళీ దారికి వచ్చే వేళకు బాత్రూముకు పోవాల్సి వస్తుంది. అవతల మొగుడు నరేంద్ర మాత్రం కట్టెలు కోస్తున్నట్టు గురకపెడుతుంటాడు. ఆయనకు ఎటు పొర్లినా ఏ పేగూ అడ్డం రాదు.

"అమ్మ నీ మంచికే గదా చెప్పేది," అన్నాడు ఒకనాడు.

"అయితే ఈ రాత్రికి నువ్వు లేచి తిరుగు. సూస్తా."

సరేనన్నాడు. ఒకసారి లేచి తిరిగినాడు. అంతే, ఆ తర్వాత తెల్లారేదాకా ఆయనకు సోయి లేదు.

షెడ్డులో సలహాలకు కొదవ లేదు. పక్క మగ్గాల జయంతి గసగసాల పాలు తాగమంది. ఇంకొకామె అరికాళ్ళకు ఆముదం రాయమంది. కోమలి పాలూ తాగింది, ఆముదమూ రాసింది. చాపకు జిడ్డు పట్టడమే మిగిలింది. ఆస్పత్రి నర్సు మాత్రం పనికొచ్చే మాట చెప్పింది. ఎడమవైపు పడుకుంటే మంచిది, నిద్రలో పొర్లితే ఏమీ కాదు, పేగు చుట్టుకునేది అందువల్ల కాదు అని. కోమలి ఆ మాటను మందు తెచ్చినట్టు ఇంటికి తెచ్చింది.

"ఆ నర్సుకు పెండ్లయిందా?" అని అడిగింది తాయమ్మ.

"లే."

"అట్లయితే గమ్మునుండమను."

మగ్గం దగ్గర మాటలు చెల్లవు. పడుగులో, అంటే నిలువు దారాల్లో, పోగు తెగితే మగ్గం ఆపి, తెగిన పోగును దాని రెండో కొసకే ముడివేయాలి. కళ్ళు తెరిచి ఉంటే చాలదు, చూడాలి. గళ్ళ లుంగీ నేస్తూ కోమలి ఒకరోజు తెగిన ఎర్రపోగును పక్కనే తెగిన నీలిపోగు కొసకు ముడివేసి మగ్గం వదిలేసింది. నీలిగడి నడుమ ఎర్రగీత సాగింది. జయంతి వచ్చి భుజం తట్టేదాకా ఆమెకు కనిపించలేదు.

"కొత్త డిజైనా మే?" అంది జయంతి.

రామచంద్ర నవ్వలేదు. గుడ్డను వెలుగుకు పట్టి చూసినాడు.

"ఇట్లయితే కాదు కోమలీ. మగ్గాలు జయంతికి ఇచ్చేస్తా. కాన్పయినాక నువ్వు రా, అప్పుడు సూస్తాం."

సూస్తాం అంటే ఏమిటో ఆ షెడ్డులో అందరికీ తెలుసు.

"ఈ పడుగు దించనీ అన్నా. తప్పు పడితే నేనే పోతా."

"సరే. తప్పు లేకుండా దించు. నీ చోటు నీకే ఉంటాది."

అదీ బేరం. ఆ పడుగు పూర్తయ్యేదాకా ఒక్క పోగు తప్పకూడదు. అందుకు నిద్ర కావాలి. నిద్ర కావాలంటే పొర్లాలి.

మరునాడు మధ్యాహ్నం తాయమ్మ సంగటి, పప్పు క్యారియరులో పెట్టుకొని షెడ్డుకు వచ్చింది. కోమలి మగ్గానికి ఆనుకొని నిలబడే నిద్రపోతోంది. బొడ్లో దోపిన కొంగు జారి, తిరిగే బెల్టు వైపు పోతోంది. తాయమ్మ కేక పెట్టింది. జయంతి ఒక్క ఉదుటున వచ్చి స్విచ్చు ఆపి, కొంగు లాగేసింది.

"ఈ మిషన్లు నా కోడల్ని మింగేస్తాయి! సాలు ఈ పని. పా ఇంటికి!"

కోమలికి కొంగు లాగినప్పుడే మెలకువ వచ్చింది. ఆ తర్వాత ఒళ్ళంతా మండింది.

"మిషన్లు కాదు అత్తా, నువ్వు! నన్ను నిద్ర పోనిస్తివా? కదిలితే లేచి తిరుగు, దగ్గితే లేచి తిరుగు! రాత్రంతా కూర్చొని లేచి, పగలు నిలబడి ఎట్ల నేసేది?"

"నేను చేయనిది నిన్ను చేయమన్నానా? నరేంద్ర కడుపులో ఉన్నప్పుడు ఒక్కసారి కూడా పొర్లలే నేను. మా అత్త పక్కనే పండుకోనుండె."

"మరి నీ కొడుకు పేగు మెడకేసుకొనే గదా పుట్టినాడు? మేనమామకు గండమని ముందు నూనెలో బిడ్డ ముఖం చూపించినామని మా పెండ్లి పందిట్లో కూడా చెప్తివి!"

జయంతి చప్పున అటు తిరిగి దారం కండెల బుట్టలో ఏదో వెతికింది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు ఊగుతున్నాయి.

తాయమ్మ క్యారియరు మూత తీసింది, మళ్ళీ పెట్టింది. నేలను చూస్తూ అంది.

"ఎప్పుడో నిద్రలో పొర్లింటా. నాకు తెలీకుండా. ఇప్పటికీ అదే అనుకుంటా."

కోమలికి కోపం పూర్తిగా పోలేదు. కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. మీసాలొచ్చిన కొడుకు కళ్ళముందు తిరుగుతుంటే ఈమె ఇంకా ఆ రాత్రుల్లో తన తప్పు వెతుక్కుంటోంది.

"ఆయనకేమయిందత్తా?" అంది చివరికి. "ఆ గురక మన వీధి దాటి పుత్తూరు రోడ్డు దాకా వినిపిస్తాది."

"తిను ముందు," అంది తాయమ్మ. క్యారియరు కోడలి ముందుకు తోసింది.

ఆ రాత్రి తాయమ్మ తన చాప చుట్టుకొని వసారాలోకి నడిచింది.

"యాడికత్తా?"

"లోపల ఉక్క." గడపలో ఆగింది. "నాకు కనపడకుంటే నేనడగను. నువ్వూ చెప్పొద్దు."

కోమలి పడుకుంది. కాసేపు అలవాటుగా కదలకుండా ఉంది. తర్వాత గుడ్డల మూట దొర్లినట్టు పక్కకు పొర్లింది. కడుపూ ఆమెతోబాటే వచ్చింది. వసారాలోంచి మాట రాలేదు. గుండెమంట పోలేదు, బాత్రూముకు లేవడమూ తప్పలేదు. అయినా నడుమ నడుమ నిజమైన నిద్ర పట్టింది. మరునాడు తెగిన పోగు తెగినట్టే కనిపించింది. ఎరుపు ఎరుపుకు, నీలం నీలానికి ముడి పడింది.

పడుగు దిగిన రోజు రామచంద్ర గుడ్డంతా తలుపు దగ్గర పరిపించి, అంచు నుంచి అంచుకు చేయి ఆనించి చూసినాడు. తప్పు కోసం చాలాసేపు వెతికినాడు. దొరకలేదు.

"కాన్పుదాకా నడుపు," అన్నాడు గుడ్డ మడుస్తూ. "నువ్వొచ్చేదాకా మా తమ్ముడు సూసుకుంటాడు. ఎవరికీ ఇచ్చేది లే."

"నాకూ వద్దులే అన్నా," అంది జయంతి. "ఆ మగ్గాలు దీని మాట తప్ప ఇంకెవరి మాటా వినవు."

కోమలి ఇంటికి వచ్చి, తిని, ఆ రోజు తొందరగా పడుకుంది. కళ్ళు మూతపడుతుండగా వసారాలోంచి గొంతు వచ్చింది.

"పాపా, తెల్లారి లేసేటప్పుడు కుడిపక్కకు తిరిగి లెయ్యి. మరిచిపోతావేమో."

కోమలి వినపడనట్టు గోడవైపు పొర్లింది.