వీరరాఘవరాజు ఇంట ‘ఛీ’ అనే మాట

నిఘంటువులు ‘ఛీ’ అనే మాటను నిందను, అసహ్యాన్ని తెలిపే అవ్యయమని ఒక్క పంక్తిలో ముగిస్తాయి. ఎవరు, ఎవరి ఎదుట, ఎవరిని అన్నారో అవి చెప్పవు. రాజపాళయంలో వేటకుక్కలను పెంచే వీరరాఘవరాజు ఇంట్లో ఆ మాటకు ఒకే వాడుక ఉండేది. ఆయన కుక్కను ఏనాడూ కొట్టలేదు. తప్పు చేస్తే ‘ఛీ’ అని ముఖం తిప్పుకునేవాడు. అది మూల చేరి కూడు ముట్టేది కాదు. సాయంత్రం ఆయనే ముద్ద కలిపి నోటికి అందించేదాకా ఆ శిక్ష తీరేది కాదు. దెబ్బలేని పెంపకమని చుట్టుపక్కలవారు మెచ్చుకున్నారు, ఆయనా గర్వపడ్డాడు.

గత ఏడాది తళవాయిపురం నుంచి దూరపు బంధువు రాజగోపాలన్ కుక్కపిల్ల కోసం వచ్చాడు. కళ్ళు తెరవని పిల్లకు పరాయి చెయ్యి తగలకూడదని ఆ ఇంటి కట్టుబాటు. కోడలు అభిరామి ముచ్చటపడి అటువంటి పిల్లను అతని చేతికిచ్చింది. వీరరాఘవరాజు ‘ఛీ’ అన్నాడు. అలవాటుగా ముఖమూ తిప్పుకున్నాడు. తల్లికుక్క ముత్తు తననే అన్నారనుకొని మూలకు పోయి పడుకుంది. అభిరామి పిల్లను తీసుకొని దాని దగ్గర దించి, లోపలికి వెళ్ళిపోయింది.

“ఒక్క మాటకు ఇద్దరూ అణిగినారే, పెద్దయ్యా” అని రాజగోపాలన్ నవ్వాడు. బజారు పని చూసుకొని సాయంత్రం బస్సుకు పోతానని బయలుదేరాడు.

మధ్యాహ్నం అభిరామి తినలేదు. కొట్టలేదు కదా, తిట్టలేదు కదా అని సర్దిచెప్పే పెద్దమనుషులకు ఏ ఇంట్లోనూ కరువు లేదు. ఆ ఇంట్లోనూ చెప్పారు. వీరరాఘవరాజు మనసు ఒప్పుకోలేదు. అయితే ఆయనకు తెలిసిన పరిహారం ఒక్కటే. సాయంత్రం పెరుగన్నం కలిపి, పళ్ళెంతో వంటింటి గడపలో నిలబడ్డాడు.

“తిను తల్లీ.”

అభిరామి పళ్ళెం వైపు చూసింది. “ముత్తుకు ఇట్లే కదా పెడతారు, మామా?”

అన్న మాటా కుక్కదే, తీర్చే తీరూ కుక్కదే. ఆ సంగతి ఆయనకు అంతవరకు తట్టనే లేదు. ఆమె ముఖం చూడలేక పళ్ళెం దించి, చెప్పులైనా వేసుకోకుండా బస్టాండుకు నడిచాడు. బస్సెక్కి కూర్చున్న రాజగోపాలన్‌ను దింపి, వెంటబెట్టుకొచ్చి, పొద్దున నిలబడ్డ చోటనే నిలబెట్టాడు.

“ఇతని ముందర నిన్ను ఛీ అన్నాను. కుక్కను అనే మాట మనిషిని అన్నాను. తప్పు నాదమ్మా.”

రాజగోపాలన్ నవ్వలేదు. అభిరామి క్షమించానని అనలేదు. తన అన్నం తానే వడ్డించుకొని కూర్చుంది. కాసేపటికి, “ముత్తు ఇంకా తినలేదు, మామా. అది ఏ తప్పూ చెయ్యలేదే” అంది.

ఆయన ముద్ద కలిపాడు. కుక్క తిన్నంతసేపూ ఆయన తలెత్తలేదు.