పురుగులింట్లో వెల్డింగ్ రాడ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పట్టుపురుగులకు జరిగే మర్యాద మనుషులకు జరిగేది కాదు. వాటికి పెద్ద గది, మాకు వసారా. వాటికి వేళకు మల్బరీ ఆకు, మాకు తీరిక దొరికినప్పుడు సంగటి. ఎండ ముదిరిందంటే ఆ గది కిటికీలకు తడిపిన గోనెపట్టలు కట్టి, నేల మీద నీళ్ళు చిలకరించి, లోపల ఎప్పుడూ చల్లగా తేమగా ఉండేట్టు చూసేవాళ్ళు. కాళ్ళు కడుక్కోకుండా లోపల అడుగు పెడితే మా అవ్వ వీపు విమానం మోత మోగించేది. పేరేసంద్ర పక్కన మా ఊళ్ళో ఇంటింటా ఇదే తంతు. పట్టుగూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు చేరాకే ఎవరికైనా కొత్త బట్టలైనా, పెండ్లి మాటలైనా.

ఇదంతా ఇప్పుడు గుర్తుకు రావడానికి కారణం మా మనవరాలు. చిక్కబళ్ళాపురంలో ఉద్యోగం చేస్తుంది. పోయిన ఆదివారం వచ్చి ఫోనులో ఒక వెల్డింగ్ మిషను బొమ్మ చూపించింది. చేతిసంచిలో పట్టేంత మిషను, ధర ఆ ఫోను ధరలో సగం కూడా లేదు. సెలవు రోజుల్లో పూలకుండీలకు స్టాండ్లు తనే చేసుకోవాలని దాని సరదా. వాళ్ళ నాన్న, అంటే నా కొడుకు, కొంటే పెద్దది కొను, లేకపోతే ఊరికే ఉండు, చవకది కొంటే బూడిదలో పోసినట్టే అన్నాడట. కొనొచ్చా అవ్వా అని నన్నడిగింది. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా కొనమన్నాను. అరవై దాటిన దానికి వెల్డింగ్ సంగతి ఏం తెలుసని నా కొడుకు మూతి తిప్పాడు. వాడికి మా నాయన స్టాండు కథ ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు.

మా నాయన సేద్యగాడే అయినా ఇనుమంటే పిచ్చి. ఆకు మూటకు తాడు తెస్తానని సైకిలెక్కి పోయి పేరేసంద్రలో రోడ్డు పక్క వెల్డింగ్ అంగడి ముందు తేలేవాడు. ఆ అంగడి నడిపే పెద్దాయనను ఊళ్ళో పిల్లలందరం వెల్డింగ్ తాత అనేవాళ్ళం. లారీల అడుగు కమ్మీలు, ట్రాక్టరు ట్రాలీలు ఆయన చేతిలో అతుక్కునేవి. నాయన అవి చూస్తూ నిలబడి, తెచ్చేది మరిచిపోయి తిరిగి వచ్చేవాడు. ఒక రోజు బెంగుళూరు నుంచి బస్సు టాపు మీద తనే ఒక మిషను తెచ్చాడు. ఎవరో చేత్తో తీగ చుట్టి రేకు డబ్బాలో బిగించిన సరుకు. పేరూ లేదు, ఊరూ లేదు. ముట్టుకుంటే రంగు చేతికంటేది. అగ్గవగా, అంటే చవకగా, వస్తుందని తెచ్చాడు. ఊరంతా నవ్వింది. మా అవ్వ మాత్రం నవ్వలేదు.

"సేద్యం చేసేవానికి ఈ డబ్బా యేంటికిరా?" అని అడిగింది.

పురుగుల తట్టలకు ఇనుప స్టాండు చేస్తానన్నాడు నాయన. మా వెదురు స్టాండ్లు అప్పటికే నడుము వంచేశాయి. వెదురు బొంగుల్లో చీమలు కాపురం పెట్టి పురుగుల్ని లాక్కుపోయేవి. ఇనుప స్టాండయితే నాలుగు కాళ్ళ కింద నాలుగు నీళ్ళ గిన్నెలు పెడితే చాలు. మాట సబబుగానే ఉంది. కాబట్టి అవ్వ ఒప్పుకుంది కానీ గడువు పెట్టింది.

"నాలుగో జ్వరం లేసేతలికి స్టాండు నిలబడల్ల. లేదంటే డబ్బా పాత ఇనుము గుజిరీకి, నువ్వు తోటకి."

జ్వరమంటే ఒళ్ళు కాలడం కాదు. పట్టుపురుగు నాలుగుసార్లు చర్మం విడుస్తుంది. విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి, రోజంతా కదలకుండా ఉంటుంది. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచిన పురుగుకు ఇక తిండే తిండి. వారంలో వేలంత లావవుతుంది. ఒక తట్టలోవి మూడు తట్టలకు పంచకపోతే ఒకదాని మీద ఒకటి పడి పాడవుతాయి. అంటే స్టాండు లేకపోతే ఆ పంట లేదు. అవ్వ పట్టుబట్టింది ఉత్త కోపంతో కాదు.

పురుగులకు పొగ పడదు. అగరుబత్తి పొగకే అవి మేత మానేస్తాయి. అందుకని నాయన మిషనును తోటలో బావి దగ్గర మోటారు కొట్టంలో పెట్టి, కరెంటు వచ్చే పగటిపూట అక్కడే పని చేసేవాడు. అతుకు వేసేటప్పుడు కరిగే రాడ్ల పొట్లం మాత్రం అక్కడ ఉంచేవాడు కాదు. పని అయ్యాక నా చేతికిచ్చి, ఇంట్లో భద్రంగా పెట్టమ్మా అనేవాడు. పదేళ్ళదాన్ని. ఆ పొట్లాన్ని పుస్తకాల సంచి కన్నా జాగ్రత్తగా మోసేదాన్ని.

అతుకులు మాత్రం ఒక్కటీ నిలవలేదు. స్టాండు కాళ్ళకు అడ్డకమ్మి అతికించి, చల్లారాక చేత్తో పట్టి లాగితే ఊడి వచ్చేది. అంటించినప్పుడు చిటపటలు, ఆవిరి, నిప్పురవ్వల జల్లు. అతుకంతా రాగిదోసె మీద చిల్లుల్లా చిల్లులు. మొదటి రోజు నాయన మిషనును తిట్టాడు. రెండో రోజు అమ్మినవాణ్ణి తిట్టాడు. మూడో రోజు ఎవరినీ తిట్టలేదు. తనకే చేతకాదేమో అనుకుంటున్నాడని నాకు అర్థమైంది. కళ్ళు మంకెన పూలలా ఎర్రబడి నీళ్ళు కారుతున్నా ఎవరికీ చెప్పలేదు. సంగటి ముద్దను అలాగే వదిలేసి లేచాడు. నవ్వే మనిషి నవ్వడం మానేస్తే పిల్లలకు ఎంత భయమో నాకు ఆ రోజే తెలిసింది. మరుసటి రోజుకు పురుగులు నాలుగో జ్వరానికి తలలెత్తాయి. ఇక మిగిలింది ఒక్క రోజు.

ఆ పొద్దున నాయన సైకిలు మీద పేరేసంద్రకు పోయి వెల్డింగ్ తాతను పిలుచుకొచ్చాడు. ఆయన పెద్ద మిషనుతో ఆ స్టాండును అతికించి పెట్టమని అడగడానికే పోయాడట. తాత మాత్రం మొదట నీ మిషను చూపించు అన్నాడట. కొట్టంలోకి వచ్చీ రాగానే తాత చూసింది మిషను వైపు కాదు, నాయన కళ్ళ వైపు. మిషనుతోపాటు ఊరికే ఇచ్చిన పలచటి నల్లద్దాన్ని చేతిలోకి తీసుకుని సూర్యుడి వైపు పెట్టి చూశాడు. తర్వాత దాన్ని రాయి మీద పెట్టి సుత్తితో పొడి చేశాడు.

"మిషను అగ్గవగా తెచ్చుకున్నావు, సరే. కండ్లు అగ్గవగా యాడ దొరుకుతాయప్పా?"

తన సంచిలోంచి మంచి అద్దం తీసిచ్చాడు. ఆయన కళ్ళు ఎండలోకి వస్తే చాలు ధారగా నీళ్ళు కారేవి. చిన్నతనంలో పని నేర్చుకునేటప్పుడు సరైన అద్దం లేక తెచ్చుకున్న బాధ అది అని నాకు తర్వాత తెలిసింది.

ఆ తర్వాత ఒక రాడ్డు అంటించి చిటపట విన్నాడు. మిషను మూత విప్పాల్సి ఉంది, చానా సేపు పడుతుంది, అంతలో ఇంటికి పోయి నాకు కాఫీ పట్టుకురా అని నాయనను పంపేశాడు. నాయన కనుమరుగు కాగానే నేను మోసుకొచ్చిన పొట్లంలోంచి రెండు రాడ్లు తీసి ఒకదానితో ఒకటి తట్టాడు. తడి కట్టెల్లా మొద్దుగా చప్పుడైంది. తన సంచిలోంచి రెండు తీసి తట్టాడు. గాజుల్లా టింగుమన్నాయి. అప్పుడు నా వైపు తిరిగి మెల్లగా అడిగాడు.

"ఈ రాడ్లు యాడ పెడతాండావమ్మా?"

గర్వంగా చెప్పాను. పురుగులింట్లో, తట్టల కింద, తడి గోనెపట్ట మీద. మా ఇంట్లో అంతకన్నా భద్రమైన చోటు ఏదుంది? ఎలుక రాదు, ఎండ తగలదు. పేలాల పొట్లమైనా అంత గొప్ప చోట ఎప్పుడూ పెట్టలేదు. తాత నవ్వలేదు. రాడ్డు మీదున్న పూత తేమను పీల్చుకుంటుందని, ఆ తేమే మంటలో ఆవిరై అతుకంతా చిల్లులు చేస్తుందని నిదానంగా చెప్పాడు. సగం వినేసరికే నాకు ఏడుపు ముంచుకొచ్చింది. మూడు రోజులుగా నాయనను అలా చేసింది మిషను కాదు, నేనే.

తాత నన్ను ఊరుకోబెట్టలేదు, పని చెప్పాడు. మూడు రాళ్ళు పెట్టి, ఎండిన మల్బరీ పుల్లలతో మంట చేయించి, దాని మీద రేకు పరిచి, రాడ్లన్నీ వరసగా పేర్చాడు. వేరుశెనగకాయలు వేయించినట్టు సన్న మంట మీద పుల్లతో తిప్పమన్నాడు. నేను ముక్కు ఎగబీల్చుకుంటూ తిప్పాను. ఆయన తాపీగా మిషను మూత విప్పి, లోపలికి తొంగిచూసి, దుమ్ము ఊది, మళ్ళీ మూసేశాడు. కాఫీ వచ్చే లోపల మంట ఆర్పించి రాళ్ళు కూడా పక్కకు దొర్లించాడు.

నాయన వచ్చాక, బాగైంది, అంటించి చూడప్పా అన్నాడు. నాయన భయంభయంగా రాడ్డు ఆనించాడు. చిటపట లేదు. బాగా కాగిన పెనం మీద పిండి పరుచుకున్నట్టు అతుకు నున్నగా సాగిపోయింది. నాయన అద్దం తీసి, నోరు తెరిచి, ఆ అతుకు కేసి చూస్తూ ఉండిపోయాడు.

"యేం మార్చినావప్పా లోపల?"

"మూత విప్పినా, మూసినా. అంతే. మిషన్లో యేమీ లేదు, నీ చెయ్యి గూడా బాగనే ఉండాది. రాడ్లకు తేమ పట్టింది. వానాకాలం గదా, నా అంగట్లో గూడా పడతాది."

నేను తల వంచుకుని నిలబడ్డాను. మా ఊళ్ళో వాన పడి పక్షం దాటింది.

అప్పుడు తాత సుత్తి నా చేతిలో పెట్టాడు. కొట్టు, బలమంతా పెట్టి కొట్టు అన్నాడు. తను చేసిన అతుకును తనే కొట్టి చూడనివాడు దాని మీద బరువు పెట్టకూడదని నాయనకు చెబుతూనే నాకు సైగ చేశాడు. విరిగిపోతే ఎట్లా అనుకుంటూనే సుత్తి ఎత్తాను. కళ్ళు మూసుకుని కొట్టాను. చెయ్యి జివ్వుమంది. అతుకు మాత్రం కదల్లేదు. మరోసారి కొట్టాను, మూడోసారి ఎవరూ చెప్పకపోయినా కొట్టాను. నాయన నవ్వాడు. నాలుగు రోజులకు నవ్వాడు.

ఆ మిషను గొప్పదని తాత అబద్ధం చెప్పలేదు. నాలుగు రాడ్లు కాలగానే మూత మీద చెయ్యి పెట్టి చూడు, చెయ్యి ఆనకపోతే చల్లారనియ్యి, లారీ పనులకు దీన్ని నమ్ముకోవద్దు, ఇంటి పనికి మాత్రం ఇది చాలు అని చెప్పి బస్సెక్కి పోయాడు. సాయంత్రానికి స్టాండు నిలబడింది. అవ్వ దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, అడుగు కమ్మీ మీద తనే కూర్చుంది. "నన్ను మోస్తే పురుగుల్ని మోస్తాదిలే" అంది. మోసింది. తెల్లారి పురుగులు జ్వరం లేచి ఆకు తినే చప్పుడు, చినుకు పడుతున్నట్టు, ఆ కొత్త స్టాండు మీది నుంచే వినిపించింది.

ఆ చప్పుడు వింటూ ఆ పొద్దునే నాయనకు నిజం చెప్పేశాను. ఆయన తట్టలో ఆకు పరుస్తూనే విన్నాడు.

"తెలుసమ్మా. పొట్లానికి పురుగులు కొరికిన ఆకుముక్క అంటుకోని ఉన్నింది. రాడ్లకు తేమ పడదని నాకు మాత్రం తెలుసునా? నేనైనా ఆడ్నే పెట్టింటాను."

ఇప్పుడు తలుచుకుంటే నాకు తాత మీద ఎంత ప్రేమో నాయన మీదా అంతే ప్రేమ. ఒకాయన నా తప్పును వాన మీదికి నెట్టాడు, ఇంకొకాయన సగం తన మీదికి తీసుకున్నాడు. ఆ రేకు డబ్బా మా ఇంట్లో చాలా ఏళ్ళు పని చేసింది. నాకు పన్నెండు దాటాక మంచి అద్దం పెట్టి నా చేతా గేటు గడియ అతికించాడు నాయన. ఆ స్టాండు ఇప్పుడు మా పెరట్లో నీళ్ళ బిందెలు మోస్తోంది.

అందుకే మనవరాలికి ధైర్యంగా చెప్పాను. చవక మిషను కొను తల్లీ, సరదా పనికి అది ధారాళంగా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో మంచి నల్లద్దమున్న ముసుగు, తోలు చేతితొడుగులు కొను, వాటి దగ్గర మాత్రం బేరమాడొద్దు. చెడిపోతే బాగుచేసేవాడు దగ్గర్లో ఉన్నాడో లేడో ముందే కనుక్కో. రాడ్లు పొడిచోట పెట్టు. మొదటి అతుకును నువ్వే సుత్తితో కొట్టు. నా కొడుకు ఇంకేదో అనబోతే, వంటింట్లో పొయ్యి పై అరలో పొడిగా దాచిన చిన్న డబ్బాలోంచి పాత రాడ్లు రెండు తెచ్చి వాడి చెవి దగ్గర తట్టాను. టింగుమన్నాయి.

ఏళ్ళు గడిచే కొద్దీ ఆ రాడ్లు నేర్పిన బుద్ధి నాకు ఇనుము దాటి అక్కరకొచ్చింది. పదో తరగతిలో నా కొడుకు వరసగా తప్పుతున్నప్పుడు ఇంట్లో అందరూ వీడి బుర్రను తిడుతుంటే, నేను బడికి పోయి వీణ్ణి ఏ మూల కూర్చోబెడుతున్నారో చూసి వచ్చాను. వెనక బెంచీలో, బోర్డు కనబడని చోట కూర్చోబెట్టారు. ముందుకు మార్పించాను, పాసయ్యాడు. వస్తువు మొరాయించినా, మనిషి చతికిలబడినా తిట్టే ముందు ఇప్పటికీ నా నోట ఆ వెల్డింగ్ తాత మాటే వస్తుంది: ఇన్నాళ్ళూ దీన్ని మనం యాడ పెట్టినాము?