ఎక్స్‌రే కింద బొంగరం

ఈ రోజు ఇబ్రహీంపట్నంలో రోగుల ముందే బొంగరం తిప్పాను. పొద్దున మా ఎక్స్‌రే యంత్రాన్ని పట్నం నుంచి లారీలో తెచ్చి దవాఖానలో దించాం. కరెంటుకు మా జనరేటరే దిక్కు. రావిర్యాల నుంచి వచ్చిన రైతు ఇల్లాలు నర్సమ్మ పొలం గట్టు మీద జారిపడిందట, ముంజేయి వాచిపోయింది. ఫిల్మ్ తీస్తే బొగ్గులా నల్లగా వచ్చింది. ఎముక సంగతే తెలియలేదు.

కిరణాలు ఎక్కువ పడితేనే ఫిల్మ్ అలా నల్లబడుతుంది. వోల్టేజి చూశాను, ముల్లు నిలకడగానే ఉంది. ఇక అనుమానం కిరణాలను ఆపే టైమర్ మీదే. అంచున చిన్న చిల్లున్న ఇత్తడి బొంగరాన్ని ఫిల్మ్ మీద తిప్పి కిరణాలు వదిలాను. కరెంటు సెకనుకు యాభై సార్లు కొట్టుకుంటుంది, కొట్టుకున్న ప్రతిసారీ ఆ చిల్లులోంచి ఫిల్మ్ మీద ఒక చుక్క పడుతుంది. ఆ చుక్కలను లెక్కపెడితే కిరణాలు ఎంతసేపు పడ్డాయో తెలుస్తుంది.

"నా చెయ్యి సలుపుతుంటే నువ్వు బొంగరమాడుతున్నవా సాబ్?" అంది నర్సమ్మ.

"జర ఆగక్కా, ఈ మిషన్ నిజం చెప్తున్నదో లేదో చూస్తున్న."

అరసెకనుకు ఇరవై అయిదు చుక్కలు పడాలి. నలభై పడ్డాయి! టైమర్ ఆలస్యంగా ఆగుతోంది. దాన్ని తగ్గించి మళ్లీ బొంగరం తిప్పితే లెక్క కుదిరింది.

రెండో ఫిల్మ్‌లో ఎముక మీద సన్నని గీత స్పష్టంగా కనిపించింది. పగులే గాని రెండు ముక్కలు కాలేదు. హాయిగా ఊపిరి పీల్చుకుని కట్టు కట్టాను. నర్సమ్మ ఆ ఫిల్మ్‌ను వెలుతురుకెత్తి చాలాసేపు చూసింది.

"గింత సన్నగున్నయా నా బొక్కలు? గివిటితోనేనా ఇంటిల్లిపాదికి రొట్టెలు కొట్టింది!"

అప్పటిదాకా నేను ఆ చేతిలో పగులొక్కటే చూశాను. మీ ఎముకలు మీకు చూపిస్తే మీరేమంటారో చెప్పండి.