పసుపు తగిలిన శుభలేఖలు

నిన్న పక్కింటివాళ్లు శుభలేఖ ఇచ్చి వెళ్లారు. మూలల్లో పసుపు ఇంకా ఆరలేదు. ఆ తడి వాసన తగలగానే నా బొటనవేలు కాగితాన్ని తడమడం మొదలుపెట్టింది, లోపల గింజలున్నాయేమోనని. ఇక కుదురుగా కూర్చుంటే ఒట్టు. ఈ కుదురులేనితనం నాకు పుట్టుకతో రాలేదు, సుందరమ్మగారు అంటించారు.

పాలకొల్లులో ఆవిడకి చిన్న ప్రింటింగ్ ప్రెస్సు ఉండేది. పెళ్లయిన కొత్తలో అక్కడ కంప్యూటర్ మీద టైపు చేసే పనిలో చేరాను. ఆవిడ భోజనం కూడా నిలబడే చేసేవారు. ప్రెస్సులో మిగిలిన కాగితం ముక్కల్ని నానబెట్టి, రుబ్బి, బంతి గింజలు చల్లి అట్టలుగా ఆరబెట్టేవారు. "పెళ్లయ్యాక శుభలేఖని అటకెక్కిస్తారు కదే అమ్మాయ్. మట్టిలో వేస్తే నాలుగు పువ్వులైనా పూస్తాయి" అనేవారు. అందరూ నవ్వారు. ఎట్టకేలకి మొగల్తూరు రైతుగారొకరు కూతురి పెళ్లికి సరేనన్నారు. ఇవి నచ్చితే పదిమందీ అడుగుతారు, లేకపోతే ఇంతటితో సరి. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు.

ఎలకలొస్తాయేమోనని భయపడ్డాం, వానకి తడుస్తాయేమోనని భయపడ్డాం. కార్డులు పట్టుకెళ్లిన వారానికే ఆ రైతుగారు సంచీ తెచ్చి బల్లమీద కుమ్మరించారు. ప్రతి కార్డుకీ నాలుగు మూలలా తెల్లటి మొలకలు! కాగితం ఉబ్బి, ముహూర్తం ఉన్న వరుస చీలిపోయింది.

"ఏంటండీ ఇది? పసుపు రాసి, మంచిరోజు చూసి పంచుదామని కట్ట కట్టి ఉంచాం. అంతేగా మేం చేసింది!"

మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. శుభలేఖకి తడి పసుపు పెట్టని ఇల్లు ఎక్కడుంది? మా పెళ్లిళ్లకి మేమూ పెట్టినవాళ్లమే. ఒక్కరికీ తట్టలేదు.

ఆవిడ మర్నాటికల్లా మామూలు కార్డులు వేసిచ్చారు.

"వీటిని పారేద్దామాండీ?" అన్నాను, మొలకల్ని చూపిస్తూ.

"మొలిచినవాటిని పారేస్తారుటే?"

కాలవగట్టున నాటారు. గంటకోసారి కాలుగాలిన పిల్లిలా అక్కడికి పరిగెత్తేవారు. ఇక్కడ ఆర్డర్లు పేరుకుపోతుంటే నాకు ఒళ్లు మండేది. ఒకరోజు మేకలొచ్చి మొత్తం మేసేశాయి. తర్వాత గింజల కార్డు అడిగిన నాథుడు లేడు. ఆవిడ రుబ్బురోలు మూలకి దొర్లించేసినప్పుడు మాత్రం నాకు ఏడుపొచ్చింది.

పెళ్లయిన రెండు మూడు నెలలకి ఆ పెళ్లికూతురే ప్రెస్సుకొచ్చింది. చేతిలో ముద్దబంతి పువ్వులు.

"మా నాన్నగారు సంచీలో వేస్తుంటే ఒక కార్డు దాచేశానండి. అత్తారింటి పెరట్లో పెట్టాను. చూస్తారని తెచ్చాను."

సుందరమ్మగారు పువ్వులు అందుకున్నారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ కూర్చోవడం చూడటం నాకదే మొదలు. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "రుబ్బురోలు ఇలా జరపవే" అన్నారు.

ఆవిడిప్పుడు లేరు. నిన్నటి కార్డు మిల్లు కాగితం, అందులో గింజలుండవని నాకు తెలుసు. అయినా పొద్దుటే లేచి పెరట్లో పాతిపెట్టాను. ఇప్పటికి రెండుసార్లు వెళ్లి చూసొచ్చాను.